తల్లిముడి

తొమ్మిది శిఖరాల గంధశైలం పాదాల దగ్గర మొదలై, మిట్టమధ్యాహ్నం కూడా దివిటీ పట్టుకుని నడవవలసినంత దట్టంగా అల్లుకుపోయి, గాలి వీచినప్పుడల్లా వెదురుపొదలు వేయి గొంతులతో ఈలలు వేసే ఘోరకీచకారణ్యం నడిబొడ్డున ఊటమడుగు అనే నీటిగుండం ఉంది. అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోదగ్గంత తేట నీళ్ళు. ఒడ్డున పచ్చటి నాచు, నాచు మీద రాలిన ఎర్రటి మోదుగుపూలు. పక్కనే ముగ్గురు మనుషులు చేతులు కలిపి కావలించుకున్నా అందని మాను గల తెల్లమద్దిచెట్టు. దేవకన్యలు దిగి జలకాలాడవలసిన అంత చక్కటి చోట ఆ ఉదయం వినబడుతున్నవి మాత్రం తిట్లు.

"పచ్చిమానుకు ఇనుపమేకులు దిగ్గొట్టిన మొనగాడెవడు? ముందుకు రమ్మనండి, మొహం చూస్తా!"

తిడుతున్నవాడు గురవడు. ఇప్పగూడెంలో మంచెలు కట్టేవాళ్ళ కుటుంబంలో ఏడో తరంవాడు. చేతులు పగ్గాలతో కట్టి తెచ్చినా నోరు కట్టడం రాజభటుల వల్ల కాలేదు.

ఆస్థాన వడ్రంగి భటుల వెనక నక్కాడు. మూడు రోజుల క్రితం అతడు అదే చెట్టు మీద టేకుపలకలతో, నలభై మేకులతో, చుట్టూ చెక్కిన హంసలతో బ్రహ్మాండమైన మంచె కట్టాడు. మేకులు దిగిన చోటల్లా మాను జిగురు కార్చింది, జిగురులో మేకులు జారాయి, సరిగ్గా పులి నీళ్ళకు వచ్చిన సమయానికి హంసలతో సహా మంచె నేలకూలింది. ఇద్దరు భటుల నడుములు విరిగాయి. పులి వచ్చి వాళ్ళిద్దరినీ వాసన చూసి, నీళ్ళు తాగి, తన దారిన తాను పోయింది.

ఆ మాట విన్నప్పుడే గురవడి మనసులో ముల్లు గుచ్చుకుంది. కాళ్ళ దగ్గర పడ్డ ఇద్దరు మనుషుల్ని ముట్టనిది, రాజు చాటించినట్టు నరభక్షి ఎలా అవుతుంది?

"నోటి దురుసు చాలించు. రేపు మధ్యాహ్నానికి మంచె సిద్ధం కావాలి. లేకుంటే నీ గూడెం బూడిదవుతుంది" అన్నాడు మహారాజు ఖడ్గసేనుడు. నిలబడే అన్నాడు. ఏడాదిగా ఆయన కూర్చోగా చూసినవాడు రాజ్యంలో లేడు.

ఆ సంగతి చెప్పకపోతే కథ సాగదు. రత్నకంధర రాజ్యపు సింహాసనం అసలు వారసుడు మనిషిగా ఉన్నంతకాలం మరొకణ్ణి కూర్చోనివ్వదు. పెనంలా కాలుతుంది. ఏడాది కిందట యువరాజు చారుకేతుడు వేటకు వెళ్ళి మాయమైపోగా, పినతండ్రి ఖడ్గసేనుడు రెండు కన్నీటిచుక్కలు రాల్చి, మూడో చుక్క రాలకముందే కిరీటం పెట్టుకుని సింహాసనమెక్కాడు. ఎక్కినంత వేగంగానూ దిగాడు. అప్పటి నుంచి అతగాడి పృష్ఠభాగం ఏ ఆసనాన్నీ భరించలేకపోతోంది. పీట, పల్లకి, గుర్రం జీను, అన్నీ నిప్పులే. ఏడాదిగా నిలబడే తింటున్నాడు, గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. ఆ మంట ప్రజల మీద చూపిస్తున్నాడు. దొంగిలించిన కిరీటం బరువు ఎదుటివాడి తల మీద మోపే ఇలాంటి రాజుల సంగతి చెప్పాలంటే చెప్పే నాకే ఒళ్ళు మండుతోంది.

గురవణ్ణి పట్టుకొచ్చిన నాడు అతని అక్క మూగమ్మ భటుల వెంటే విడిదిదాకా నడిచి వచ్చింది. మూడేళ్ళు నిండేదాకా మాట రాలేదని ఆమెకు ఆ పేరు పెట్టారు. మాట వచ్చాక ఇక ఆగలేదు. తల్లీతండ్రీ పోయిన నాటి నుంచి తమ్ముణ్ణి పెంచింది ఆవిడే, తిట్లతోనూ గంజితోనూ. విడిదిలో నాలుగు వందల మంది సైనికుల ఎదుట నడుముకు కొంగు బిగించి రాజును నిలదీసింది.

"నిలబడి మేసేది గుర్రం. నిలబడి నిద్రపోయేదీ గుర్రమే. రాజువై పుట్టి నీకేం ఖర్మ పట్టిందయ్యా? ఎవరి కొంప ముంచినావో చెప్పు, పాపం కొంచెమన్నా దిగుతాది!"

సైనికులు నవ్వు ఆపుకోలేక మీసాలు కొరుక్కున్నారు. రాజు మొహం జేవురించింది. అతని పక్కన నిలబడ్డ మాంత్రికుడు జంబుకాక్షుడు మాత్రం నక్కకళ్ళు సగం మూసి మూగమ్మను తలనుంచి కాళ్ళదాకా చూసి, "పాపం, ఆడకూతురు. ఇంటికి పంపించండి ప్రభూ" అన్నాడు. పంపించారనే గురవడు అనుకున్నాడు.

ఇక మంచె మొదలైంది. గురవడు ముందు వడ్రంగి కొట్టిన మేకులన్నీ పీకించి, ఆ గాయాలకు పుట్టమన్ను మెత్తించాడు. ఒక గుప్పెడు దుమ్ము గాలిలో విసిరి అది ఎటు పోతోందో చూశాడు. గాలి మడుగు మీది నుంచి చెట్టు వైపుకు వీస్తోంది. మంచె మీది మనిషి వాసన మృగానికి చేరదు. క్రోసెడు దూరం నుంచి పచ్చివెదురు కొట్టించాడు. ఈ చెట్టు కొమ్మ ఒక్కటి కూడా నరకనివ్వలేదు. మూడు పాయలుగా చీలిన మాను మధ్య వెదుళ్ళు పేర్చి, అడ్డతీగ నానబెట్టి, మెలిపెట్టి, వెదురు వెదురుకూ అల్లుకుపోయాడు. కింద రాలిన పేడు, ఈనె, ఆకుతునక ఏరించి మూటగట్టి దూరంగా పారేయించాడు.

"ఇదేమి చాదస్తం?" అన్నాడొక దళపతి.

"నిన్న లేని చెత్త ఈరోజు ఇంటి ముందర ఉంటే నువ్వు చూడవా? అడవి మృగానికి ఇల్లు. నీకంటే దానికి శుభ్రం ఎక్కువ" అని కసిరాడు గురవడు.

అన్నిటికంటే ముఖ్యమైన పని చివర చేశాడు. మంచె అంతటా తిరిగిన ఒకే ఒక పొడవాటి తీగను కిందికి తీసి, మంచెకు రెండు బారల దిగువన ఉన్న పంగలో ఒక ముడి వేశాడు. దాని పేరు తల్లిముడి. దాని కొస లాగితే వెదుళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. వేట ముగిశాక మంచె చెట్టు మీద ఉండకూడదన్నది ఇప్పగూడెం కట్టుబాటు. మంచె మిగిలిన చెట్టు కిందికి ఏ జీవీ నీళ్ళకు రాదని వాళ్ళ నమ్మకం. అందుకే ఏడు తరాలుగా వాళ్ళు వేసే ముడులన్నీ విప్పడానికి వేసినవే. మంచె కట్టినవాడు వేట ముగిసేదాకా ఆ పంగలోనే కూర్చోవాలి. పైకి ఎక్కించినవాణ్ణి అతడే క్షేమంగా దించాలి.

దానికీ ఒక షరతు ఉంది. ఎక్కేవాడు మాను మీద చెయ్యి వేసి మూడు ప్రశ్నలకు నిజం చెప్పాలి. అబద్ధం చెప్పినవాణ్ణి దించే బాధ్యత కట్టినవాడికి లేదు. ఏడు తరాల్లో ఎవడూ అబద్ధం చెప్పలేదు గనుక, చెబితే ఏమవుతుందో ఎవడికీ తెలియదు.

మరునాడు పొద్దు నడినెత్తికి వస్తుండగా రాజు, మాంత్రికుడు చెట్టు కిందికి వచ్చారు. వెనక నలుగురు బోయీలు మూసిన మేనా ఒకటి మోసుకొచ్చి మడుగు ఒడ్డున దించారు.

"మాను మీద చెయ్యి పెట్టు రాజా" అన్నాడు గురవడు. "ఏ మృగానికి ఈ మంచె?"

"నరభక్షి పులికి."

"దేనికోసం?"

"ప్రజల క్షేమం కోసం" అన్నాడు ఖడ్గసేనుడు. పాపం, ఆ మాటకు మాను ఎలా నిలబడిందో!

"ఎర ఏది?"

రాజు మాంత్రికుడి వంక చూశాడు. మేనాలోంచి "మే" అని వినిపించింది.

"మేక" అన్నాడు రాజు.

"మేకకు మేనానా?"

"రాజుగారి మేక" అన్నాడు జంబుకాక్షుడు. "అడవిని చూస్తే బెదిరి అరుస్తుంది. అందుకని తెర వేశాం. ఈ అడివి మనుషుల ముచ్చట్లతో పొద్దు పోతోంది, ఎక్కండి ప్రభూ."

అదే వాళ్ళు చేసిన తప్పు. కోటలో రోజుకు నూరు ప్రమాణాలు చేసి నూటొకటి తప్పేవాళ్ళకు అడవిలో చెట్టు మీద చెయ్యి వేసి చెప్పే మాట ఆటగా కనిపించింది. నిచ్చెన మీద ఇద్దరూ ఎక్కారు. గురవడు నిచ్చెన పైకి లాగి పంగలో కూర్చున్నాడు. బోయీలు మేనా తెర లాగి, చేతికర్రలు అక్కడే వదిలి పిక్కబలం చూపించారు.

మేనాలో ఒక మేకపిల్ల ఉంది. దాని పక్కన, కాళ్ళూ చేతులూ కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, కళ్ళెర్రజేసి మూగమ్మ ఉంది.

గురవడు పంగలోంచి కిందికి వంగి చూశాడు. తల ఎత్తేలోగా పైనుంచి మాంత్రికుడి గుసగుస వెదుళ్ళ సందుల్లోంచి రాలి అతని చెవిన పడింది.

"తొందరపడి పులిని కొట్టకండి ప్రభూ. నా మంత్రంతో పులి అయ్యాడే కాని, లోపల మీ అన్నకొడుకు మనిషిగానే ఉన్నాడు. ఉన్నంతవరకు ఏ బాణమూ వాణ్ణి చంపదు. మనిషి నెత్తురు ఒక్క చుక్క వాడి నాలుకకు తగలనివ్వండి. ఆ క్షణం నుంచి వాడు వట్టి పులి. అప్పుడు ఒక్క బాణం చాలు. సాయంత్రానికి మీరు సింహాసనం మీద హాయిగా కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు."

"ఏడాదైంది జంబుకాక్షా, కూర్చుని!" అన్నాడు రాజు.

ఒక మనిషి కూర్చోవడానికి మా అక్కను చంపుతారా! గురవడు మొల తడుముకున్నాడు. కొడవలి భటులు ముందే లాక్కున్నారు. దూకి పరుగెడదామంటే పైనుంచి రెండు విల్లులు. చెయ్యి తల్లిముడి మీదికి పోయింది, ఆగిపోయింది. ఎక్కించిన చెయ్యే దించాలి. ఏడు తరాల మాట ఆ వేళ్ళను పట్టుకుంది.

అంతలో మూగమ్మ మేనా కర్రకు మూతి రాసి రాసి నోట్లో గుడ్డ ఊడబెరికేసింది. అడవి దద్దరిల్లింది.

"ఒరే గురవా! యాడున్నావురా? ఇంత గట్టిగా కట్టినావేందిరా మంచె! ఆ వడ్రంగాయనే నయం, ఈ పాటికి కూలిపోయుండును!"

పొదలు కదిలాయి. పులి వచ్చింది. బారు పొడవున్న వీపు, మేలిమి బంగారంలాంటి ఒంటి మీద కాటుక చారలు, నడిస్తే నేల మీద అడుగు మోపినట్టే లేదు. కుడిచెవికి పచ్చరాయి పొదిగిన పోగు ఉంది. మేనా ముందు ఆగి మూగమ్మ మొహంలో మొహం పెట్టింది.

"ఏంది చూస్తావు?" అంది మూగమ్మ. "తింటే తిను. తినేముందర ఒక మాట విను. ఆ చెట్టు మీదుండే నా తమ్ముడు పొద్దుట్నించి గంజి కూడా తాగి ఉండడు. వాని జోలికి మాత్రం పోవద్దు."

పులి మేకపిల్లను ఒకసారి వాసన చూసి, పిల్లిలాగా ముందుకాళ్ళు ముడుచుకుని ఆమె ఎదుట కూర్చుంది. దాని కళ్ళలో నీళ్ళు నిండాయి.

"కరవడం లేదే!" అని పళ్ళు నూరాడు పైన రాజు.

"ఆ ఆడదాన్ని గాయపరచండి. పచ్చినెత్తురు వాసనకు ఎంతటి రాజకుమారుడైనా లొంగాల్సిందే" అన్నాడు జంబుకాక్షుడు.

బాణం రివ్వున వచ్చి మూగమ్మ జబ్బను చీల్చుకుపోయింది. ఆమె కెవ్వుమంది. ఎర్రటి ధార మోచేతి దాకా జారి నాచు మీద బొట్లు బొట్లుగా రాలింది. పులి ఒళ్ళంతా వణికింది. దవడ జారింది, నాలుక చివర కనిపించింది. మొహం అటు తిప్పుకుని గోళ్ళతో నేలను చీల్చింది. రాజు రెండో బాణం సంధించాడు.

"రాజా!" గురవడి కేక కొండలకు తగిలి తిరిగివచ్చింది. "మాను మీద చెయ్యేసి ఏం చెప్పినావు? ఎర ఏదన్నావు?"

"నోరు ముయ్యరా! ఎరకు పేరేమిటి? మేకయితేనేం, మీ అక్కయితేనేం?"

అంతే. పట్టుకున్న ఏడు తరాలూ గురవడి వేళ్ళను వదిలేశాయి.

"అయితే దిగు" అన్నాడు. తల్లిముడి కొస పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు.

సర్రున తీగ పాములా మంచెలోంచి పారింది. మొదటి వెదురు జారింది, రెండోది, పదోది. చాటున కట్టిన ఆకుతడిక ఊడింది. మాంత్రికుడు "ప్రభూ" అనబోయి "రాబందూ" అనే మంత్రం అందుకుని, రాబందుగా మారి రెక్కలు విప్పుకుని ఎగిరిపోయాడు. నమ్ముకున్న రాజు చెయ్యి చాస్తే ఒక ఈక మాత్రం చేతికి వచ్చింది. ఆ ఈకతో, కిరీటంతో, నలభై వెదుళ్ళతో కలిసి రత్నకంధర మహారాజు నాలుగు నిలువుల ఎత్తు నుంచి నేలకు దిగాడు. రెండు కాళ్ళూ మోకాళ్ళ దగ్గర ఫెళ్ళుమన్నాయి.

కూర్చోడానికి మొదటే లేదు. ఇప్పుడు నిలబడ్డానికీ లేదు. పడుకుని ఏడవడం ఒక్కటే ఆయనకు మిగిలింది, అదే చేశాడు. నాకేమీ జాలి కలగలేదు.

గురవడు తీగ పట్టుకుని కిందికి జారి, రాజు మొలలో బాకు లాగి అక్క కట్లు కోశాడు. లేచీ లేవగానే ఆవిడ తమ్ముడి చెంప మీద ఒకటిచ్చి, వెంటనే కావలించుకుని ఏడ్చింది.

"ఇంతసేపు ఏం చేస్తావుంటివిరా?"

"వాడు అబద్ధమని ఒప్పుకోవద్దా అక్కా?"

"పుండాకోరు! నీ కట్టుబాట్లు తగలెయ్య!"

నెత్తిన నీడ పడింది. రాబందు నిలువునా దిగి, మూగమ్మ నెత్తురుతో తడిసిన నాచులో గోళ్ళు ముంచి, పులి మూతి మీదికి విసురుగా వచ్చింది. గురవడు వెదురు గిరగిర తిప్పి కొట్టాడు. పక్షి తప్పుకుంది గాని ఒక ఎర్రటి బొట్టు ఎగిరి పులి మీసం మీద పడింది. వెంట్రుక వెంబడే పెదవి వైపుకు జారసాగింది.

"తాకనియ్యొద్దక్కా! ఆ పులి మన యువరాజే! నాలుకకు నెత్తురు తగిల్తే పిల్లగాడు ఇంక మనిషి కాడు!"

మూగమ్మ పులి మీద పడింది. దాని దవడ రెండు చేతులా మూసి, కొంగుతో మూతి తుడిచేసింది. "నాలుక లోపలే పెట్టుకో నాయనా! నీకు దండం పెడతా, లోపలే పెట్టుకో!" అని బతిమాలింది. బొట్టు కొంగుకు అంటింది. పులి కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

చుట్టూ పొదల అవతల కొమ్ముబూరలు మోగాయి. నాలుగు వందల సైన్యం కదిలింది. రాబందు మళ్ళీ పైకి లేచి చుట్టూ తిరుగుతోంది. ఎక్కడ గాయపడ్డ మనిషి దొరికితే అక్కడ దానికి నెత్తురు దొరుకుతుంది, యుద్ధం మొదలైతే ఇక చెప్పనక్కరలేదు. పులి ఆ సంగతి గ్రహించినట్టు నేల మీది అడ్డతీగను మూతితో గురవడి వైపు నెట్టి, తల వంచింది.

"కట్టమంటున్నాడక్కా. నోరు కట్టెయ్యమంటున్నాడు."

"ఇందాక గట్టిగా కట్టినావని తిట్టినా. ఆ తిట్టు వెనక్కి తీసుకుంటున్నా. కట్టు."

గురవడి వేళ్ళు మూడు చుట్లు చుట్టి ఆగిపోయాయి. విడిపోని ముడి అతనికి రాదు. ఎవరూ నేర్పలేదు. అతడు ఏ ముడి వేసినా ఒక కొస వేలాడుతుంది. ఆ కొస లాగితే ఏమవుతుందో పైన తిరిగే రాబందు ఇప్పుడే కళ్ళారా చూసింది. ముడి వేసి, ఆ కొసను అక్క పిడికిట్లో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు.

"ఇది వదిల్తే రాజ్యం పోతాది అక్కా."

"రాజ్యం సంగతి నాకెందుకు? ఈ బిడ్డ పోతాడు" అంది మూగమ్మ.

ఇద్దరూ పులి వీపు మీదికి ఎక్కారు. ముందు బాణాలు, వెనక బాణాలు. గంధశైలం వైపు మాత్రం దారి తెరిచి ఉంది, ఊటమడుగుకు అవతల. రాబందు రెక్కలు ముడిచి, సూటిగా ఆ పిడికిలి మీదికే దిగింది. మూగమ్మ నెత్తురు కారే చేతిని గుండెకు అదుముకుని, రెండో చెయ్యి ఆకాశం మీదికి ఎత్తి చూపించింది.

"రారా నక్కకళ్ళోడా! నా పిడికిలి విప్పు, చూస్తా!"

పులి మడుగు మీదికి దూకింది.